లెక్కకెక్కని బకాయి

2025 అక్టోబరు 10 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కింద సేవలను నిలిపివేశాయి. ప్రభుత్వం నుంచి తమకు రావలసిన బకాయిలు సుమారు రూ.2,700 కోట్లని ఏపీ స్పెషాలిటీ హాస్పిటల్స్ అసోసియేషన్ ప్రకటించింది. వైద్యులు విజయవాడలో ధర్నాకు కూర్చున్నారు. మంత్రులతో, అధికారులతో విడతలవారీగా చర్చలు సాగాయి. తక్షణం రూ.250 కోట్లు విడుదల చేస్తామన్న హామీతో నెలాఖరుకు ఆందోళన ముగిసింది. వివాదం సమసిపోయిందని ఉభయపక్షాలూ ఊపిరి పీల్చుకున్నాయి.

ఈ మూడు వారాల వ్యవహారంలో ఆసుపత్రులకు రావలసిన సొమ్ము కోట్లలో లెక్క తేలింది. ప్రభుత్వం ఎంత ఇవ్వగలదో, ఎంత ఇవ్వలేదో కూడా తేలింది. వాయిదా పడిన శస్త్రచికిత్సలెన్ని, కార్డు పనిచేయదని చెప్పగా వెనుదిరిగిన రోగులెందరు, చేతిగాజులు కుదువపెట్టి నగదు కట్టిన కుటుంబాలెన్ని అన్న లెక్క మాత్రం ఎవరివద్దా లేదు. ప్రభుత్వం ఆసుపత్రికి పడిన బాకీకి బిల్లు ఉంది, సంఖ్య ఉంది, అడిగే సంఘం ఉంది. అదే ప్రభుత్వం రోగికి పడిన బాకీకి వీటిలో ఏదీ లేదు. రాబోయే బడ్జెట్ సమావేశాలకు ముందు మన పాఠకులు, కార్యకర్తలు ఆలోచించవలసిన విషయం ఈ రెండవ బకాయి గురించే.

మొదట ఆసుపత్రుల పక్షాన ఉన్న న్యాయాన్ని ఒప్పుకోవాలి. చేసిన పనికి కూలి సకాలంలో ఇవ్వాలన్నది మన ధర్మం నేర్పిన మొదటి పాఠాలలో ఒకటి. పథకం కింద చేరిన రోగి చికిత్సకు ట్రస్టు ముందుగా అనుమతి ఇస్తుంది. ఆసుపత్రి తన సొమ్ముతో మందులు కొని, సిబ్బందికి జీతాలిచ్చి, చికిత్స చేసి, రోగిని ఇంటికి పంపిన తరువాత బిల్లు పెడుతుంది. ఆ బిల్లు పరిశీలన ముగించుకుని ఆర్థికశాఖ గడప దాటేసరికి నెలలు గడచిపోతున్నాయి. కార్పొరేటు ఆసుపత్రి ఈ జాప్యాన్ని తట్టుకోగలదు. నగదు రోగుల ఆదాయం దానికి అండగా ఉంటుంది. అప్పు చేసి ముప్పై పడకల ఆసుపత్రి నడుపుకునే వైద్యుడు తట్టుకోలేడు. ప్యాకేజీ ధరలు పెరిగిన ఖర్చులకు తగినట్లు లేవన్న ఫిర్యాదునూ కొట్టిపారేయలేము. కనుక బకాయిలు చెల్లించాలన్న కోరిక న్యాయమైనదే.

ఇది ఒక్క పార్టీ ఏలుబడిలో పుట్టిన జాడ్యమూ కాదు. 2024 మే నెలలో, ఎన్నికల ఫలితాలు వెలువడకముందే, నాటి ప్రభుత్వ హయాంలో ఆసుపత్రులు ఇదే బకాయిల పేరిట సేవలు నిలిపివేశాయి. ప్రభుత్వం మారిన తరువాత 2025లో మళ్లీ మళ్లీ అదే జరిగింది. పొరుగున తెలంగాణలో 2025 సెప్టెంబరు 16 అర్ధరాత్రి నుంచి ఆరోగ్యశ్రీ ఆసుపత్రులు సేవలు ఆపాయి. అక్కడి సంఘం చెప్పిన బకాయి సుమారు రూ.1,400 కోట్లు. నెలకు రూ.100 కోట్ల చొప్పున చెల్లిస్తామన్న హామీతో కొద్ది రోజులకే అక్కడ సేవలు తిరిగి మొదలయ్యాయి. 2007 ఏప్రిల్ 1న శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైన పథకానికి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతూ వచ్చింది. చికిత్స పరిమితి రూ.2 లక్షల నుంచి రూ.5 లక్షలకు, 2023 డిసెంబరులో రూ.25 లక్షలకు పెరిగింది. కార్డు మీద బొమ్మ మారింది, అంకె పెరిగింది. బిల్లు ఆలస్యం మాత్రం మారలేదు. చెల్లించే అలవాటు లేనిచోట పరిమితి పెంచడమంటే ఖాళీ సంచికి పెద్ద మూతి కుట్టడమే.

ఇక ఆసుపత్రుల సంఘాలు తమ గోడును చట్టసభల వరకు తీసుకువెళ్లడంలోనూ తప్పులేదు. సంఘంగా ఏర్పడే హక్కు, విన్నవించుకునే హక్కు రాజ్యాంగం అందరికీ ఇచ్చింది. చిక్కు ఎక్కడంటే, విన్నవించుకునే శక్తి అందరికీ సమానంగా లేదు. ఆసుపత్రుల సంఘానికి మంత్రి సమయమిస్తాడు. శాసనసభ్యుడు ఫోను తీస్తాడు. వారి చేతిలో రోగి ఉన్నాడు, తలుపు మూసే అధికారం ఉంది. రోగి చేతిలో కార్డు తప్ప మరేమీ లేదు. ఆంబోతుల పోట్లాటలో లేగదూడలు నలిగినట్లు, ప్రభుత్వానికీ ఆసుపత్రికీ నడుమ రోగి నలుగుతున్నాడు. బేరం కుదిరిన రోజున ఆ రెండు పక్షాలే కాగితం మీద సంతకాలు చేస్తాయి. ఎవరి పేరు మీద ఆ పథకం నడుస్తున్నదో అతడు ఆ గదిలో ఉండడు.

ఈ బేరాలు ఎంత దూరం పోగలవో పొరుగు రాష్ట్రాల అనుభవం చెబుతుంది. కర్ణాటకలో 2017లో ప్రైవేటు ఆసుపత్రుల వసూళ్లను నియంత్రించేందుకు ప్రభుత్వం సవరణ బిల్లు తెచ్చింది. నవంబరులో బెళగావిలో శాసనసభ సమావేశాలు జరుగుతుండగా ప్రైవేటు వైద్యులు సేవలు మానివేశారు. చివరకు కఠినమైన నిబంధనలు సడలించిన తరువాతనే బిల్లు గట్టెక్కింది. రాజస్థాన్ 2023 మార్చి 21న ఆరోగ్య హక్కు బిల్లును ఆమోదించింది. అత్యవసర స్థితిలో వచ్చిన రోగికి ముందుగా డబ్బు అడగకుండా వైద్యం చేయాలన్నది దాని ప్రాణం. రెండు వారాలకు పైగా సాగిన వైద్యుల సమ్మె తరువాత, ఏప్రిల్ 4న కుదిరిన ఒప్పందంలో 50 పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రులకూ, ప్రభుత్వ భూమిగాని రాయితీగాని పొందని ఆసుపత్రులకూ మినహాయింపు దక్కింది. శాసనసభ ఆమోదించిన హక్కు సభ వెలుపల జరిగిన చర్చలలో చిక్కిపోయింది. రోగుల తరఫున అంతే బలంగా మాట్లాడే సంఘం ఉండివుంటే ఆ మినహాయింపులు అంత సులభంగా దక్కేవి కావు.

ఈ సంగతి మల్కాపురం వంటి పేటలో నిలబడి చూస్తే మరింత స్పష్టమవుతుంది. ఒకవైపు హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధి కర్మాగారం, మరొకవైపు హిందుస్థాన్ షిప్‌యార్డు, ఆవల నౌకాదళపు డాక్‌యార్డు. దేశానికి చమురునూ నౌకలనూ అందించే ఈ గడ్డ మీద ప్రమాదం అపరిచితం కాదు. 1997 సెప్టెంబరు 14న శుద్ధి కర్మాగారంలో సంభవించిన పేలుళ్లను, అగ్నిప్రమాదాన్ని ఇక్కడి పెద్దలు నేటికీ మరువలేదు. 2020 మే 7 తెల్లవారుజామున నగరానికి మరోకొసన ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి విషవాయువు వెలువడినప్పుడు స్పృహ తప్పిన జనాన్ని మోసుకుని పరుగెత్తింది ప్రధానంగా కింగ్ జార్జ్ ఆసుపత్రికే. 1923 నుంచి ఉత్తరాంధ్రకు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గ్రామాలకు దిక్కుగా నిలిచిన ఆ ఆసుపత్రి ఆ రోజు ఏ కార్డూ అడగలేదు, ఏ బకాయినీ సాకుగా చూపలేదు. విపత్తు వేళ తలుపు మూయని ఆసుపత్రి ఏదో విశాఖ కళ్లారా చూసింది.

మల్కాపురంలో కార్మిక రాజ్యబీమా ఆసుపత్రి ఉంది. దాని గడప ఎక్కాలంటే ఉద్యోగి బీమా పరిధిలో ఉండాలి. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలో, నెలకు రూ.21,000 లోపు వేతనం పొందేవారికే అది వర్తిస్తుంది. యజమాని వేతనంపై 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం చెల్లించాలి. కాంట్రాక్టరు ఆ సొమ్ము జమచేయకపోతే కార్మికుడు అర్హుడై కూడా అనర్హుడవుతాడు. ఇక మన కుటుంబాలలో అధికభాగం బతుకుతున్నది ఏ పనులతో? ఆటో తోలడం, మెకానిక్ షెడ్డు, వెల్డింగు, దర్జీపని, మాంసం దుకాణం, పాత ఇనుము, రంగులు వేయడం. ముస్లిం శ్రామికులలో స్వయం ఉపాధిపై బతికేవారి వాటా ఇతరులకన్నా ఎక్కువని జస్టిస్ సచార్ కమిటీ 2006లోనే నిగ్గుతేల్చింది. స్వయం ఉపాధికి రాజ్యబీమా లేదు, సెలవు జీతం లేదు, సంస్థ చెల్లించే వైద్యబిల్లు లేదు. గుండె నొప్పి వచ్చిన మెకానిక్కుకు మిగిలేవి రెండే: ప్రభుత్వ ఆసుపత్రి, వైద్యసేవ కార్డు. ఆ కార్డు మూడు వారాలు చెల్లకపోతే ఉద్యోగస్థుడి ఇంట్లో అది పత్రికావార్త. ఈ ఇళ్లలో అది అప్పు పత్రం.

ఇక్కడే మన సమాజం తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి. కార్డు చెల్లని రోజున మన కుటుంబాలు ఎక్కడికి పోతున్నాయి? మసీదు కమిటీ వద్దకు, బైతుల్‌మాల్ వద్దకు, జకాత్ ఇచ్చే నాలుగు ఇళ్ల వద్దకు. జుమా నమాజు తరువాత ఫలానా సోదరుని ఆపరేషన్‌కు సాయం కావాలన్న ప్రకటన మనకు అలవాటైపోయింది. ఆదుకోవడం మన విధి, అందులో రెండో మాట లేదు. అయితే నగదు లేకుండా చేస్తామని ప్రభుత్వం రాతపూర్వకంగా వాగ్దానం చేసిన శస్త్రచికిత్సకు మనం చందా వేసుకుంటున్నప్పుడు, ఆ సొమ్ము నిజానికి ఎవరి బాకీని తీరుస్తున్నది? పేదవాని హక్కుగా తీసిన జకాత్ ప్రభుత్వ ఖజానా లోటును పూడుస్తున్నది. వితంతువుకు, అనాథకు, చదువుకునే బిడ్డకు చేరవలసిన సొమ్ము ఆర్థికశాఖ జాప్యానికి వడ్డీగా పోతున్నది. దానం మనం చేయాలి. రాజ్యం చేయవలసిన పనిని దానంగా మార్చుకోకూడదు. హక్కును ఖైరాతుగా స్వీకరించడం అలవాటైన సమాజాన్ని ఏ ప్రభుత్వమూ లెక్కచేయదు.

బకాయిల చికాకుకు పరిష్కారమంటూ ప్రభుత్వం కొత్త దారి పట్టింది. 2025 సెప్టెంబరు 4న రాష్ట్ర మంత్రివర్గం సార్వత్రిక ఆరోగ్య విధానాన్ని ఆమోదించింది. దాని ప్రకారం రూ.2.5 లక్షల వరకు చికిత్స భారం బీమా కంపెనీపై, ఆపైన రూ.25 లక్షల వరకు ట్రస్టుపై ఉంటుంది. అన్ని కుటుంబాలకూ వర్తింపజేయడం ఆహ్వానించదగినదే. కాని 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది బీమా కంపెనీ ద్వారానే. తరువాత దానిని ట్రస్టు తన చేతిలోకి తీసుకుంది. నడచివచ్చిన దారినే తిరిగి నడవబోతున్నాము. ప్రభుత్వం ప్రీమియం ఆలస్యం చేస్తే కంపెనీ ఆసుపత్రికి చెల్లిస్తుందా? కంపెనీ క్లెయిము తిరస్కరిస్తే ఆ నష్టాన్ని ఆసుపత్రి భరిస్తుందా, రోగి మీదకు నెడుతుందా? ఇద్దరి మధ్య నలిగిన రోగి ఇక ముగ్గురి మధ్య నలగకూడదంటే ఈ ప్రశ్నలకు సమాధానం ఒప్పందం కుదిరాక కాదు, కుదరకముందే కావాలి.

పది కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలన్న నిర్ణయాన్నీ ఈ దృష్టితోనే పరిశీలించాలి. వాటిలో మన పొరుగునే ఉన్న నర్సీపట్నం, పార్వతీపురం కూడా ఉన్నాయి. నిర్మాణానికి నిధులు లేవు, త్వరగా పూర్తి కావాలంటే ఇదే దారి అన్నది ప్రభుత్వ వాదన. ఆ వాదన సంగతి ఎలా ఉన్నా, ఒక సందేహం మిగులుతుంది. నేడు ప్రైవేటు ఆసుపత్రులు తలుపు మూస్తే పేదవాడు ప్రభుత్వ ఆసుపత్రికి పోతున్నాడు. రేపు ఆ బోధనాసుపత్రి పడకలు కూడా పథకం బిల్లులపైనే ఆధారపడితే, బకాయిలు పేరుకున్న రోజున ఆ తలుపు తెరచి ఉంటుందని పూచీ ఎవరిది? చివరి ఆశ్రయాన్ని బేరంలో పెట్టకూడదు.

కనుక మన శాసనసభ్యుల ముందు ఉంచవలసిన కోరికలు స్పష్టంగా ఉండాలి. మొదటిది, బకాయిల లెక్క బహిరంగం కావాలి. ఏ ఆసుపత్రికి ఎంత రావాలి, ఎంత చెల్లించారు, ఏ బిల్లు ఏ దశలో ఆగింది అన్నది ప్రతి నెలా ట్రస్టు ప్రకటించాలి. గడువులోగా చెల్లించకపోతే వడ్డీ పడుతుందని నియమం ఉంటే ఆర్థికశాఖకు ఆలస్యం చవకగా తోచదు. అదే లెక్కలో ప్రభుత్వ ఆసుపత్రులు చేసిన చికిత్సలకు పథకం నుంచి రావలసిన సొమ్మునూ చూపాలి. కేజీహెచ్‌కు సమ్మె చేసే సంఘం లేదు గనుక దాని వాటా వెనుకబడకూడదు.

రెండవది, డయాలసిస్, క్యాన్సర్ చికిత్స, కాన్పు, గుండెపోటు, ప్రమాదాల వంటి వాటిని ఏ వివాదంలోనూ ఆపరాదన్న షరతు ఒప్పందంలోనే ఉండాలి. వారానికి రెండు మూడుసార్లు రక్తశుద్ధి చేయించుకునే మనిషికి మూడు వారాల విరామమంటే ఏమిటో వైద్యులకు ఎవరూ చెప్పనక్కరలేదు. సేవలు నిలిపే నోటీసు అందిన రోజునే ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రత్యామ్నాయ ఏర్పాటు చేసి, ఆ వివరాలు వాడవాడలా తెలియజేయాలి.

మూడవది, చర్చల బల్లవద్ద రోగి తరఫువారికి కుర్చీ ఉండాలి. నాలుగవది, ఎవరు ఎవరిని కలిసి ఏమి అడిగారన్నది ప్రజలకు తెలియాలి. అమెరికాలో చట్టసభ్యులను ప్రభావితం చేసేందుకు నియమితులైనవారు పేరు నమోదు చేసుకుని, ఖర్చు వెల్లడించాలని 1995లోనే చట్టం చేశారు. అక్కడ ఆసుపత్రుల పలుకుబడి అంతమాత్రాన తగ్గలేదు గాని, కనీసం దాని జాడ కాగితం మీద కనబడుతుంది. మన దేశంలో అటువంటి చట్టం లేదు. ఆసుపత్రులలో పెట్టుబడి ఉన్న సభ్యుడెవరైనా ఆరోగ్య పద్దుపై మాట్లాడేముందు ఆ సంగతి సభకు చెప్పాలని కోరడం అత్యాశ కాదు. ఐదవది, అన్నిటికీ మూలమైనది, నిధులు. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి వెచ్చించాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం లక్ష్యం నిర్దేశించింది. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక విధి అని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతున్నది. ఈసారి బడ్జెట్ పద్దు ఆ కొలతకు ఎంత దూరంలో ఉందో ప్రతి శాసనసభ్యుని నోటా వినాలి.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడగడానికి చేతిలో ఆధారం ఉండాలి. ఆసుపత్రుల సంఘం బలం దాని కేకలో లేదు, అది చూపే బిల్లులలో ఉంది. మన వద్ద అటువంటి పుస్తకం ఎందుకు ఉండకూడదు? ప్రతి మసీదు కమిటీ, ప్రతి యువజన సంఘం ఒక నోటుపుస్తకం తెరవాలి. కార్డు ఉండి చికిత్స దొరకని ప్రతి సందర్భంలో తేదీ, రోగం, చెప్పిన కారణం, చేతినుంచి పోయిన సొమ్ము అందులో రాయాలి. కుటుంబం అనుమతి లేకుండా రోగి పేరు బయటపెట్టరాదు. నగదు రహితమని చెప్పి పరీక్షలకు డబ్బు అడిగితే రసీదు తీసుకోవాలి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర వద్ద, 104 నంబరులో ఫిర్యాదు నమోదు చేసి ఆ సంఖ్యను పుస్తకంలో ఎక్కించాలి. ఫారాలు నింపడం, ఫోను చేయడం తెలియక ఆగిపోయే స్త్రీలకోసం చదువుకున్న మన అమ్మాయిలు ముందుకు రావాలి. బైతుల్‌మాల్ నుంచి వైద్యానికి ఇచ్చిన ప్రతి రూపాయిలో పథకం చెల్లించవలసినది ఎంతో విడిగా రాయాలి. సంవత్సరాంతాన ఆ మొత్తం కూడితే, మన పేట ప్రభుత్వానికి ఎంత అప్పు ఇచ్చిందో తేలుతుంది.

ఈ పని మన ఇళ్లకే పరిమితం కాకూడదు. కేజీహెచ్ ఓపీ వరుసలో మత్స్యకారుడు, మాల మాదిగ కూలీ, మన్యం నుంచి దిగివచ్చిన గిరిజనుడు, మన ఆటో సోదరుడు ఒకరి వెనుక ఒకరు నిలబడతారు. ఆ పుస్తకంలో వారి అనుభవమూ ఉండాలి. ఆ అర్జీ మీద వారి వేలిముద్రా పడాలి. ముస్లింల కోరికగా వెళ్లిన కాగితాన్ని ఓటు లెక్కతో పక్కన పెట్టవచ్చు. మొత్తం పేట కోరికగా వెళ్లిన కాగితాన్ని పక్కన పెట్టడం కష్టం. మైనారిటీ హక్కుల ఉద్యమం తన బలాన్ని ఇటువంటి ఉమ్మడి పనులలోనే పెంచుకుంటుంది.

ఆసుపత్రులకు బకాయిలు చెల్లించండి అన్న మాటతో మనకు విరోధం లేదు. ఆ మాటను మనమూ అంటాము. దానితోపాటు రోగికి పడిన బకాయి కూడా లెక్కలోకి రావాలని అంటాము. ఖజానా ప్రజల అమానత్. దానినుంచి సొమ్ము ఎవరికి, ఎప్పుడు, ఏ షరతుపై పోతున్నదో తెలుసుకునే హక్కు పన్ను కట్టే ప్రతివానిదీ. అగ్గిపెట్టె కొన్న కూలివాడు కూడా పన్ను కట్టినవాడే. బడ్జెట్ పుస్తకం సభలో తెరుచుకునే రోజుకు మన నోటుపుస్తకం కూడా సిద్ధంగా ఉండాలి. ఈ శుక్రవారమే మొదటి పుట రాయండి.